పెద్ద ఇంగ్లిష్ పదాలు: బట్టీ నుంచి వాక్యం దాకా

ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న డిగ్రీ కుర్రాళ్లు, జీఆర్ఈకి చదువుతున్న బీటెక్ అమ్మాయిలు, ఆఫీసులో నాలుగు లైన్ల మెయిల్ రాయడానికి అరగంట పట్టే ఉద్యోగులు... వీళ్లలో చాలామంది దగ్గర ఒకే రకం నోట్‌బుక్ ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లిష్ పదం, మధ్యలో గీత, కుడివైపు తెలుగు అర్థం. మిటిగేట్ అంటే తగ్గించు. రిలక్టెంట్ అంటే అయిష్టమైన. ఇలా పేజీలకు పేజీలు రాసుకుంటారు. అర్థం అడిగితే టక్కున చెబుతారు. అదే పదంతో ఒక వాక్యం చెప్పమంటే ఆగిపోతారు. ధైర్యం చేసి చెప్పినా "ఐ మిటిగేటెడ్ మై వెయిట్" లాంటిది వస్తుంది. తగ్గించడమే కదా, తప్పేముంది అనిపిస్తుంది. కానీ బరువు తగ్గడానికి ఇంగ్లిష్‌లో ఆ పదం ఎవరూ వాడరు.

ఇందులో చదివేవాళ్ల లోపం ఏమీ లేదు. ఆ రెండు గడుల నోట్‌బుక్‌లో పదానికి సగం కూడా పట్టదు. ఏ పదం పక్కన ఏ పదం వస్తుంది, దాని తర్వాత "టు" రావాలా "ఆఫ్" రావాలా, మంచికి వాడతారా చెడుకు వాడతారా, ఉత్తరంలో రాస్తారా ఇంట్లో మాట్లాడతారా అనేవన్నీ ఆ పదంలో భాగమే. పదాన్ని దాని తోడు చూసి తెలుసుకోవాలని 1957లో రాసిన భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫర్త్ అంతకు చాలా ముందే లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ బోధించారు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది. తక్కువ పదాలు తీసుకుందాం, ఒక్కోదాన్ని దాని తోడుతో సహా నేర్చుకుందాం, మన బతుకులోంచి వాక్యం కడదాం.

1. ముందు ఏ పదాలు తీసుకోవాలి

మూడు వేల పదాల జాబితా డౌన్‌లోడ్ చేసుకుని "ఎ" అక్షరం నుంచి మొదలుపెట్టకండి. అలా మొదలుపెట్టినవాళ్లకు అబేట్, అబెరెంట్, అబ్‌స్టీమియస్ వస్తాయి కానీ "ఎస్" దాకా ఎప్పటికీ చేరరు. పైగా ఒకే అక్షరంతో మొదలయ్యే పదాలు పక్కపక్కనే చదివితే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

ఒకప్పుడు ఢాకాలో ఇంగ్లిష్ బోధించిన మైకేల్ వెస్ట్ 1953లో ఎక్కువగా వాడుకలో ఉన్న సుమారు 2,000 ఇంగ్లిష్ పదాలతో ఒక జాబితా వెలువరించారు. ఇంటర్ దాటినవాళ్లకు అవి చాలావరకు వచ్చే ఉంటాయి. దాని తర్వాతి మెట్టుగా న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌కు చెందిన ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో అకడమిక్ వర్డ్ లిస్ట్ ఇచ్చారు. ఇందులో ఉన్నవి 570 పద కుటుంబాలే, అంటే ఒకే పదం నుంచి పుట్టే రూపాలన్నీ కలిపి ఒకటిగా లెక్క. కానీ విశ్వవిద్యాలయ స్థాయి పాఠ్యాల్లో నూటికి సుమారు 10 పదాలు వీటిలోంచే వస్తాయని ఆమె లెక్క తేల్చారు. ఫ్లక్చుయేట్, ఆంబిగ్యువస్, కోహెరెంట్, ఇన్ఎవిటబుల్, రిలక్టన్స్ లాంటివన్నీ ఇందులో ఉన్నాయి. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

జాబితా చేతికి వచ్చాక పెన్సిల్‌తో మూడు గుర్తులు పెట్టండి. నేను మాటల్లో వాడేది, చదివితే అర్థమవుతుంది కానీ నోటికి రానిది, అసలు చూడనిది. రెండో రకంతో మొదలుపెట్టాలి. సగం దూరం వచ్చి ఆగిపోయిన పదాలవి, కొంచెం పని చేస్తే చాలు. అసలు చూడనివాటి జోలికి తర్వాత వెళ్లవచ్చు.

రోజుకు ఎన్ని అంటే, నా ఉద్దేశంలో మూడు. పట్టుదల ఉన్నవాళ్లు ఐదు. రోజుకు ముప్ఫై పదాలన్న లెక్క పరీక్ష ముందు రోజుల్లో గుర్తుపట్టడానికి పనికొస్తుందేమో, మాట్లాడటానికి పనికిరాదు.

2. మన నోట్లో ఇప్పటికే ఉన్నవి వెతకండి

తెలుగువాళ్లం రోజూ పెద్ద పెద్ద ఇంగ్లిష్ పదాలు పలుకుతూనే ఉంటాం. ఆఫీసుల్లో, కాలేజీల్లో, కోర్టుల్లో వాటిని తెలుగు మాటల్లాగే వాడేస్తాం కాబట్టి అవి ఇంగ్లిష్ పదాలన్న సంగతే గుర్తుండదు. వీటితో మొదలుపెడితే శబ్దం, సందర్భం ముందే వచ్చి ఉంటాయి. మిగిలింది వాక్యమే.

ఇంజనీరింగ్ పిల్లలందరికీ తెలిసినది కండోనేషన్. హాజరు 75 శాతం కన్నా తగ్గితే, 65 దాకా ఉన్నవాళ్లు కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ తెచ్చుకునే పద్ధతి చాలా కాలేజీల్లో ఉంది. దాని క్రియ కండోన్. తప్పని తెలిసీ పోనీలే అని వదిలేయడం, చూసీచూడనట్టు ఊరుకోవడం. దీని తోడు ఏమిటో గమనించండి. ఇంగ్లిష్‌లో ఈ పదం ఎక్కువగా "లేదు", "కాదు" అనే వాక్యాల్లోనే కనిపిస్తుంది. "ద కాలేజ్ కెనాట్ కండోన్ ర్యాగింగ్." "ఐ డు నాట్ కండోన్ వాట్ హి డిడ్." దాని తర్వాత వచ్చేది ఎప్పుడూ చెడ్డ పనే, ర్యాగింగ్, హింస, మోసం.

పొలమో ప్లాటో కొన్నవాళ్లందరూ ఈసీ తీసుకుంటారు. ఈసీలో "ఈ" అంటే ఎన్‌కంబ్రెన్స్, అంటే ఆస్తి మీద ఉన్న అప్పు, తనఖా లాంటి భారం. ఎన్‌కంబర్ అంటే భారం మోపడం. "షి వాంటెడ్ టు స్టార్ట్ హర్ కెరీర్ అన్ఎన్‌కంబర్డ్ బై డెట్." అప్పుల భారం లేకుండా ఉద్యోగ జీవితం మొదలుపెట్టాలనుకుంది. ఇది ఏ ఇంగ్లిష్ పత్రికలోనైనా అచ్చుకు తగిన వాక్యం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలియని ఇల్లు మన రెండు రాష్ట్రాల్లో తక్కువ. రీయింబర్స్ క్రియకు వరస ఇలా ఉంటుంది. ఎవరికి అన్నది ముందు, దేనికి అన్నది "ఫర్" తర్వాత. "ద కంపెనీ రీయింబర్స్‌డ్ మీ ఫర్ ద ట్రెయిన్ టికెట్స్." ముందస్తు బెయిల్‌ను యాంటిసిపేటరీ బెయిల్ అంటాం కదా, దానిలో ఉన్నది యాంటిసిపేట్. "ద రైల్వేస్ యాంటిసిపేట్ ఎ హెవీ రష్ బిఫోర్ సంక్రాంతి." దీని వెనక నేరుగా నామవాచకం పెట్టండి, "టు" పెట్టకండి. కన్వీనర్ కోటాలో కన్వీన్ ఉంది, సమావేశం ఏర్పాటు చేయడం. "ద కలెక్టర్ కన్వీన్డ్ ఎ మీటింగ్ ఆఫ్ ఆల్ డిపార్ట్‌మెంట్స్."

శాంక్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. పింఛన్ శాంక్షన్ అయింది, లోన్ శాంక్షన్ అయింది అంటాం, అది మంజూరు. అంతర్జాతీయ వార్తల్లో ఒక దేశం ఇంకో దేశం మీద శాంక్షన్స్ పెట్టిందంటే ఆంక్షలు. ఒకే పదానికి దాదాపు ఎదురెదురు అర్థాలు. తేడా చెప్పేది మళ్లీ తోడే. "శాంక్షన్ ఎ లోన్" ఒకటి, "ఇంపోజ్ శాంక్షన్స్ ఆన్ ఎ కంట్రీ" ఇంకొకటి. ఓవర్‌సైట్ కూడా ఇలాంటిదే. కమిటీ పక్కన ఉంటే పర్యవేక్షణ, "బై ఎన్ ఓవర్‌సైట్" అంటే పొరపాటున.

ఒక ఆదివారం కూర్చుని మీ ఇంట్లో, ఆఫీసులో వినిపించే ఇలాంటి మాటలు ఒక యాభై రాయండి. అటెస్టేషన్, అఫిడవిట్, మారటోరియం, ఎక్స్‌గ్రేషియా, డిఫాల్టర్, ప్రొవిజనల్, సప్లిమెంటరీ, డిటైన్... మొదటి నెలకు అదే పాఠ్యపుస్తకం.

3. నిఘంటువును చదివే పద్ధతి మార్చండి

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు అర్థం తేల్చుకోవడానికి కావాలి. వాక్యం కట్టడానికి మాత్రం లెర్నర్స్ డిక్షనరీ కావాలి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితం. మొదటిదాన్ని తయారుచేసిన ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ మాస్టారు. దాని తొలి రూపం 1942లో టోక్యోలో వెలువడింది. పరాయి భాష నేర్చుకునేవాడికి అర్థం తర్వాత కావాల్సింది వాక్య నిర్మాణమేనని తరగతి గదిలో చూసిన మనిషి కాబట్టి, ఆయన ఆ పుస్తకంలో ప్రతి క్రియా ఏ వరసలో వస్తుందో చూపించారు.

పదం తెరిచాక నాలుగు చూడండి.

మొదటిది, క్రియ అయితే అది "తగ్గు" రకమా, "తగ్గించు" రకమా. తెలుగులో ఈ రెంటికీ రెండు రూపాలున్నాయి. తగ్గు, తగ్గించు. పెరుగు, పెంచు. ఇంగ్లిష్‌లో చాలాసార్లు ఒకే రూపం రెంటికీ సరిపోతుంది, కొన్నిసార్లు సరిపోదు. తప్పులు పుట్టేది అక్కడే. డ్విండిల్ ఎప్పుడూ "తగ్గు" రకం. "ద వాటర్ లెవెల్ డ్విండిల్డ్" అంటే సరే, "ద గవర్నమెంట్ డ్విండిల్డ్ ద బడ్జెట్" అంటే తప్పు. డిటీరియొరేట్ అంటే క్షీణించడం. పరిస్థితి దానంతట అది డిటీరియొరేట్ అవుతుంది. ఇంకొకరు పరిస్థితిని దిగజారిస్తే అక్కడ కావాల్సింది ఎగ్జాసర్బేట్. నిఘంటువులో ఇంట్రాన్సిటివ్, ట్రాన్సిటివ్ అనో, వాటి పొట్టి అక్షరాలో ఉంటాయి. ప్రతి క్రియ పక్కనా మీ నోట్‌బుక్‌లో "తగ్గు" అనో "తగ్గించు" అనో తెలుగులోనే రాసేయండి.

రెండోది, వెనక ఏమి వస్తుంది. రిలక్టెంట్ తర్వాత "టు" వచ్చి, ఆ తర్వాత క్రియ వస్తుంది. కేపబుల్ తర్వాత "ఆఫ్", క్రియకు "ఇంగ్" రూపం. బోల్డ్ అక్షరాల్లో ఇచ్చే ఈ చిన్న ముక్కల్ని అందరూ దాటేస్తారు. అర్థం కన్నా ముందు వాటినే రాసుకోవాలి.

మూడోది, పక్కన కనిపించే ముద్ర. ఫార్మల్, ఇన్‌ఫార్మల్, లిటరరీ, డిసప్రూవింగ్. ఈ చివరిది చాలా ముఖ్యం. నొటోరియస్‌కు ప్రసిద్ధి చెందిన అని అర్థం రాసుకున్నవాళ్లు "హైదరాబాద్ ఈజ్ నొటోరియస్ ఫర్ బిర్యానీ" అంటారు. చెడుకు పేరు మోసినవాటికే ఆ మాట. సింప్లిస్టిక్ అంటే సరళం అనుకుంటారు, అది లోతు లేదని విమర్శించే మాట. చైల్డ్‌లైక్ మెచ్చుకోలు, చైల్డిష్ తిట్టు.

నాలుగోది ఉదాహరణ వాక్యాలు. ఇవి కనీసం మూడు, పైకి చదవాలి.

4. ఒక తెలుగు మాటకు ఎన్ని ఇంగ్లిష్ మాటలు

పెద్ద పదాల్లో అసలు రుచి ఇక్కడ ఉంది కాబట్టి ఇక్కడ కాస్త నిలుద్దాం. "తగ్గించు" అన్న ఒక్క మాట తీసుకోండి. తుపాను వల్ల, వ్యాధి వల్ల, రిస్క్ వల్ల జరిగే నష్టం తీవ్రతను తగ్గిస్తే మిటిగేట్. "మాంగ్రోవ్స్ మిటిగేట్ ద ఇంపాక్ట్ ఆఫ్ సైక్లోన్స్." కోరింగ మడ అడవుల గురించి రాసేటప్పుడు సరిగ్గా పనికొచ్చే వాక్యమిది. నొప్పి, పేదరికం, బాధ తగ్గిస్తే అలీవియేట్. ఖర్చులు, అధికారాలు, సెలవులు కోత పెడితే కర్టెయిల్. విలువ, ప్రాముఖ్యం తగ్గితే డిమినిష్. వాన, గాలివాన, కోపం తమంతట తాము నెమ్మదిస్తే అబేట్. ఇక బరువు తగ్గడానికి పెద్ద పదం అక్కర్లేదు, లూజ్ వెయిట్ చాలు. ఈ ఆరింటినీ "తగ్గించు" అని ఆరుసార్లు రాసుకుంటే ఒక్కటీ రాదు. ఏది తగ్గుతుందో దానితో కలిపి రాసుకుంటే ఆరూ నిలుస్తాయి.

రెండో దిక్కు నుంచి కూడా చూడాలి. ఇంగ్లిష్‌లో దగ్గరదగ్గరగా కనిపించే పదాలకు తెలుగులో చాలాసార్లు చక్కని వేర్వేరు మాటలుంటాయి, నిఘంటువు వాటిని ఇవ్వదు. అన్‌విల్లింగ్, రిలక్టెంట్, హెజిటెంట్, అడమెంట్ నాలుగింటికీ "ఇష్టం లేని" దగ్గరే మన ఆలోచన ఆగిపోతుంది. కానీ వెనకాముందాడేవాడు హెజిటెంట్. మనసొప్పకపోయినా చివరికి చేయగలవాడు రిలక్టెంట్. చేయడానికి సిద్ధంగా లేనివాడు అన్‌విల్లింగ్. ససేమిరా అనేవాడు అడమెంట్. అలిగినవాళ్లనో కోపంగా ఉన్నవాళ్లనో బుజ్జగిస్తే ప్లకేట్, అన్నం తినమని పిల్లాడిని బుజ్జగిస్తే కోక్స్. ఊరించడం ట్యాంటలైజ్. దెప్పిపొడవడం టాంట్. అర్థం గడిలో ముప్ఫై ఏళ్ల నాటి గైడ్ పుస్తకపు తెలుగు రాసుకోకుండా, ఇంట్లో మీ అమ్మ ఆ సందర్భంలో ఏ మాట అంటుందో అది రాయండి. పదం ఠక్కున అతుక్కుంటుంది.

5. వాక్యం కట్టడం

"హి ఈజ్ రిలక్టెంట్." ఇది వాక్యమే కానీ సాధనకు పనికిరాదు. రిలక్టెంట్ తీసేసి హ్యాపీ పెట్టినా, టాల్ పెట్టినా నిలుస్తుంది. మంచి సాధన వాక్యానికి ఒక పరీక్ష ఉంది. ఆ పదం చెరిపేసి మీ స్నేహితుడికి ఇస్తే, మిగతా మాటల్ని బట్టి అతను ఆ పదాన్నో దానికి దగ్గరి పదాన్నో ఊహించగలగాలి.

నాలుగు విడతల్లో కడదాం.

మొదటి విడత, నిఘంటువు వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి. రిలక్టెంట్ టు తర్వాత క్రియ వచ్చే ఏ వాక్యమైనా సరే.

రెండో విడత, అస్థిపంజరం అలాగే ఉంచి మనుషుల్ని, పనిని మార్చండి. "మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ రిలక్టెంట్ టు సెల్ ద ల్యాండ్."

మూడో విడత, కారణమో ఎదురు దెబ్బో చేర్చండి. "మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ రిలక్టెంట్ టు సెల్ ద టూ ఎకర్స్ నియర్ ద కెనాల్, బట్ హి సైన్డ్ ద పేపర్స్ ఫర్ మై సిస్టర్స్ ఎడ్యుకేషన్." ఇప్పుడు పదం చెరిపేసినా అర్థం దొరుకుతుంది. "బట్" తర్వాత వచ్చిన సగమే రిలక్టెంట్‌కు ప్రాణం. మనసొప్పలేదు, అయినా చేశాడు. మీ ఇంటి కథ కాబట్టి మరిచిపోరు కూడా.

నాలుగో విడత, అదే సంగతిని పదం రూపం మార్చి చెప్పండి. "హి రిలక్టెంట్లీ సైన్డ్ ద పేపర్స్." "ఐ కుడ్ సీ హిస్ రిలక్టన్స్ టు సైన్." విశేషణం, క్రియావిశేషణం, నామవాచకం మూడూ ఒకే సంఘటన మీద వచ్చాయి. మూడు చోట్లా చుట్టూ ఉన్న వాక్యం ఎలా జరిగిందో చూడండి. పద కుటుంబం నేర్చుకోవడానికి పట్టిక రాసుకోవడం కన్నా ఇది మేలైన దారి.

చేర్చే భాగానికి "బికాజ్" ఒక్కటే పట్టుకుని వేలాడకండి. ఆల్‌దో, అన్‌లెస్, డిస్పైట్, సో దట్ కూడా మార్చిమార్చి వాడండి. పెద్ద పదం వచ్చినా వాక్యం పొట్టిగా, ఒకే మూసలో ఉంటే ఇంగ్లిష్ ఎదిగినట్టు వినిపించదు.

6. రాసింది సరైనదేనా

పక్కన చూసి చెప్పేవాళ్లు లేనప్పుడు ఇలా చేయండి. మీకు అనుమానం ఉన్న మూడు నాలుగు మాటల ముక్కను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. "రిలక్టెంట్ టు యాక్సెప్ట్" లెక్కలేనన్ని చోట్ల కనిపిస్తుంది, "రిలక్టెంట్ ఫర్ యాక్సెప్టింగ్" దాదాపు కనిపించదు. కనిపించిన చోటు కూడా చూడాలి. పేరున్న పత్రిక, విశ్వవిద్యాలయం అయితే నమ్మవచ్చు. ఇంకాస్త లోతుగా కావాలంటే స్కెల్ అనే ఉచిత సైట్ ఒక పదం ఇస్తే దానితో వచ్చే క్రియలు, విశేషణాలు వరసగా చూపిస్తుంది. అమెరికన్ వాడుకకు భాషాశాస్త్రవేత్త మార్క్ డేవీస్ రూపొందించిన కార్పస్ ఆఫ్ కాంటెంపరరీ అమెరికన్ ఇంగ్లిష్ ఉంది. కార్పస్ అంటే జనం నిజంగా వాడిన వాక్యాలు పోగుచేసిన భండారం. అందులో వంద కోట్లకు పైగా మాటలున్నాయి.

ఏఐ చాట్‌బాట్‌లను కూడా అడగవచ్చు, కానీ వాక్యం మీరు రాశాకే. "ఈ వాక్యం సహజంగా ఉందా, లేకపోతే ఏ మాట ఎందుకు మార్చాలి" అని అడగండి. ముందే వాక్యం రాసిపెట్టమంటే పని అది చేస్తుంది, మనకేమీ మిగలదు.

మన వాళ్ల వాక్యాల్లో పదేపదే కనిపించే తప్పు ఒకటుంది. "డిస్కస్ అబౌట్", "ఎంఫసైజ్ ఆన్", "రిక్వెస్ట్ ఫర్" క్రియలుగా తప్పు. కానీ నామవాచకాలైతే డిస్కషన్ అబౌట్, ఎంఫసిస్ ఆన్, రిక్వెస్ట్ ఫర్ అన్నీ ఒప్పే. నామవాచకానికి ఉన్న తోకను క్రియకు తగిలించడం వల్ల వచ్చే తప్పు ఇది. క్రియ అయితే నేరుగా విషయం చెప్పాలి. "వి డిస్కస్‌డ్ ద ప్రాబ్లమ్." ఇలాగే "కన్సిస్ట్స్ ఆఫ్" చూసి "కాంప్రైజెస్ ఆఫ్" రాస్తారు, "ఇన్ స్పైట్ ఆఫ్" చూసి "డిస్పైట్ ఆఫ్" రాస్తారు, "కీప్ అప్ విత్" చూసి "కోప్ అప్ విత్" అంటారు. కాంప్రైజెస్, డిస్పైట్, కోప్ విత్ అంటే చాలు. బ్యాంకు, ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల్లో తప్పు పట్టుకోమనే ప్రశ్నలకు కూడా ఇవి ఇష్టమైన చోట్లు.

7. సంస్కృతం తెలిసిన చెవికి ఒక సౌకర్యం

తెలుగులో ఉన్న తత్సమాల వల్ల మనకు ఒక తాళంచెవి ఉచితంగా దొరికింది. పెద్ద ఇంగ్లిష్ పదాల్లో చాలావాటికి మూలమైన లాటిన్, గ్రీకు, మన సంస్కృతం ఒకే భాషా కుటుంబానివి. డెంటల్‌లో ఉన్నది దంతమే. మోర్టల్‌లో మృత్యువు, ఇన్నొవేట్‌లో నవ, పెడెస్ట్రియన్‌లో పాదం, ఇగ్నైట్‌లో అగ్ని, జెనరేట్‌లో జన, స్టేటస్‌లో స్థితి. ఆగ్నాస్టిక్ అనే పదం చాలామందిని తికమక పెడుతుంది. దేవుడు ఉన్నాడో లేడో తెలియదు అనేవాడు. గ్రీకులో "ఎ" అంటే లేకపోవడం, "గ్నో" అంటే తెలియడం. మన అజ్ఞలో అకారమూ "జ్ఞ"యూ అవే. దుర్, దుస్ ఉపసర్గకు గ్రీకులో డిస్. డిస్‌ఫంక్షనల్ అంటే దుస్థితిలో ఉన్నది. "సు"కు యూ. యూలొజీ అంటే మంచిగా పలకడం, చనిపోయినవారి గురించి చెప్పే నివాళి మాటలు.

అయితే దీన్ని గుర్తుంచుకోవడానికి వాడుకోండి, అర్థం ఊహించడానికి కాదు. పెడెస్ట్రియన్‌లో పాదం ఉందని పీడియాట్రిక్స్‌లో కూడా పాదం వెతికితే తప్పు దారి. అక్కడ ఉన్నది పిల్లవాడు అనే గ్రీకు మాట.

8. ఒకే విషయం మీద నెల రోజులు చదవండి

రోజూ హిందూ ఎడిటోరియల్ చదవమని పోటీ పరీక్షల వాళ్లందరికీ చెబుతారు. మంచి మాటే, కానీ ఎడిటోరియల్ రోజుకో విషయం మీద ఉంటుంది. ఈ రోజు చూసిన పదం మళ్లీ మూడు వారాలకు గానీ కనిపించదు. అందుకని మొదట్లో నేను ఒక విషయాన్ని పట్టుకుని నెల రోజులు దాని మీదే చదవమంటాను. క్రికెట్, సినిమా వ్యాపారం, షేర్ మార్కెట్, ఏదైనా సరే, మీకు ముందే తెలిసిన విషయమై ఉండాలి.

కృష్ణా జలాల వివాదం తీసుకోండి. మన రెండు రాష్ట్రాలవాళ్లకు తెలుగులో బాగా తెలిసిన సంగతి. ఇంగ్లిష్‌లో దాని మీద పది వార్తలు చదివితే అలొకేట్, అపోర్షన్, ఎక్విటబుల్, రైపేరియన్, అడ్జుడికేట్, సర్‌ప్లస్, ఇన్‌ఫ్లో, కంటెన్షస్ పదేసిసార్లు కనిపిస్తాయి. విషయం తెలుసు కాబట్టి నిఘంటువు తెరవకముందే సగం అర్థమవుతుంది. "ద ట్రిబ్యునల్ అలొకేటెడ్ వాటర్ టు ద స్టేట్స్" అన్న వరస ఎవరూ చెప్పకుండానే నాలుకకు పడుతుంది. నెల తిరిగాక అదే అలొకేట్ ఆఫీసులో బడ్జెట్ మెయిల్‌లోకి దానంతట అదే వస్తుంది.

9. మరిచిపోకుండా

జర్మన్ పరిశోధకుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లో ఎంత వేగంగా జారిపోతుందో చూపించాడు. 1972లో సెబాస్టియన్ లైట్‌నర్ దానికి పెట్టెల పద్ధతి చెప్పాడు. పదానికో కార్డు రాసుకోవాలి. సరిగ్గా చెప్పగలిగితే ఆ కార్డు ఆలస్యంగా చూసే పెట్టెలోకి, చెప్పలేకపోతే మళ్లీ మొదటి పెట్టెలోకి. మరుసటి రోజు, మూడు రోజులకు, వారానికి, రెండు వారాలకు, నెలకు చూసుకుంటే సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అంకీడ్రాయిడ్ యాప్ ఈ లెక్కంతా ఉచితంగా చూసుకుంటుంది.

కార్డు మీద ఏమి రాస్తారన్నది యాప్ కన్నా ముఖ్యం. ముందువైపు ఇంగ్లిష్ పదం రాస్తే గుర్తుపట్టడమే అలవాటవుతుంది. ముందువైపు తెలుగులో సందర్భం రాయండి. "కాలువ పక్క రెండెకరాలు అమ్మడానికి తాతయ్యకు మనసొప్పలేదు." వెనకవైపు మొత్తం ఇంగ్లిష్ వాక్యం. పైకి, పూర్తి వాక్యంగా చెప్పాకే తిప్పి చూడాలి. జీఆర్ఈ, ఎస్ఎస్‌సీ వాళ్లకు గుర్తుపట్టడం కూడా కావాలి కాబట్టి తిరగేసిన కార్డు ఒకటి అదనంగా పెట్టుకోవచ్చు. జీఆర్ఈ కూడా 2011లోనే విడి పదాల వ్యతిరేకార్థాల ప్రశ్నలు తీసేసింది. ఇప్పుడు అడిగేది ఖాళీలో ఏ పదం ఇముడుతుందనే. అంటే అక్కడా పరీక్ష తోడు మీదే.

10. పలకడం

అక్షరాలు చూసి ఎపిటోమ్ అంటే తప్పు, ఇపిటమీ. హైపర్‌బోల్ కాదు, హైపర్బలీ. డెబ్రిస్ కాదు, డెబ్రీ. సబ్టిల్‌లో "బి" పలకదు, సటిల్. తెలుగులో అన్ని అక్షరాలూ దాదాపు సమానంగా పలుకుతాం, ఇంగ్లిష్‌లో ఒక చోట ఒత్తు పడుతుంది. అది కుటుంబంలోనే మారుతుంది. అనలైజ్‌లో మొదటి అక్షరం మీద, అనాలిసిస్‌లో రెండోదాని మీద, అనలిటికల్‌లో "లి" మీద. నిఘంటువులో స్పీకర్ బొమ్మ నొక్కి మూడుసార్లు విని, వెంటనే అనండి. ఒక్కసారి తప్పుగా అలవాటైతే మార్చుకోవడం కష్టం కాబట్టి ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

వారానికి ఒకసారి ఆ వారం పదాల్లో మూడింటిని పెట్టుకుని ఫోన్‌లో ఒక నిమిషం మాట్లాడి రికార్డ్ చేయండి. ఎక్కడ ఆగారో వినండి. ఆగిన చోట కావాల్సింది తరచూ పెద్ద పదం కాదు, దాని తర్వాత రావాల్సిన చిన్న "టు", "ఫర్" అని తెలుస్తుంది.

11. ఎక్కడ వాడాలి, ఎంత వాడాలి

వాట్సాప్‌లో స్నేహితుడికి "ఐ షల్ కమెన్స్ మై జర్నీ" అని పంపరు, కోర్టు నోటీసులో "స్టార్ట్" కన్నా "కమెన్స్" నప్పుతుంది. నోట్‌బుక్‌లో ప్రతి పదం పక్కనా మూడు చోట్లలో ఒకటి రాసుకోండి: మాటల్లో, ఆఫీసు మెయిల్‌లో, వ్యాసంలో.

ఇంటర్వ్యూలో టెన్షన్ పడుతూ మూడు పెద్ద పదాలు ఒకే వాక్యంలో కుక్కితే అవతలివాళ్లకు వినిపించేది బట్టీనే. ఒక పేరాకు ఒక బలమైన పదం చాలు. చుట్టూ మామూలు మాటలుంటే ఆ ఒక్కటి నిలబడుతుంది. "ద సర్వర్ ఫెయిల్డ్ ట్వైస్ దట్ వీక్. వి హ్యాడ్ నో బ్యాకప్. ఐ రోట్ ఎ స్మాల్ స్క్రిప్ట్ టు మిటిగేట్ ద రిస్క్, అండ్ ద టీమ్ స్టిల్ యూజెస్ ఇట్." ఇందులో పెద్ద పదం ఒక్కటే ఉంది, సరైన చోట ఉంది. ఇది చెప్పిన అభ్యర్థికి ఇంగ్లిష్ వచ్చని ఎవరైనా ఒప్పుకుంటారు.

మన దేశపు ఇంగ్లిష్‌లో చెల్లే మాటలు బయట చెల్లకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి. జవాబు ఇవ్వమనడానికి మనం "రివర్ట్" అంటాం, బయటివాళ్లకు అది పాత స్థితికి తిరిగి వెళ్లడం. డిగ్రీ పూర్తిచేయడాన్ని "పాసవుట్" అంటాం, అమెరికాలో ఆ మాట వింటే స్పృహ తప్పారా అని కంగారు పడతారు. "ప్రీపోన్" మన దగ్గర నిక్షేపంగా వాడండి, విదేశీ క్లయింట్‌కు రాసేటప్పుడు "బ్రింగ్ ఫార్వర్డ్" అనండి.

నెలాఖరున పాత వాక్యాలు మూసిపెట్టి, ఆ నెల పదాలన్నింటితో కొత్త వాక్యాలు రాయండి. తడుముకోకుండా వచ్చినవాటికి టిక్ పెట్టి పక్కన పెట్టండి. రానివాటికి కొత్త సందర్భం వెతికి కొత్త కార్డు రాయండి, పాత వాక్యం మీకు దగ్గరగా లేకపోయి ఉండవచ్చు. రెండో నెలలోనూ రాకపోతే ఆ పదాన్ని కార్డుల్లోంచి తీసేయండి. దాన్ని చదివినప్పుడు గుర్తుపడితే ప్రస్తుతానికి చాలు, ఆ ఖాళీలోకి జాబితాలోని తర్వాతి పదాన్ని తీసుకోండి.